"ఇవి బాగున్నాయా, పిన్నిగారూ?"

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మా మేడమీద వాటాలో ఒక చిన్న సంసారం అద్దెకుంటోంది. అబ్బాయికి ఆఫీసు, అమ్మాయికి ఇల్లు, మూడేళ్ళ పిల్లాడు. ఆ అమ్మాయి పేరు చెప్పను. ఈ ప్రసంగం తప్పకుండా వింటుంది, పేరు చెప్పానంటే మళ్ళీ మా గుమ్మం తొక్కదు. ఒకనాటి మధ్యాహ్నం పిల్లాణ్ణి నిద్రపుచ్చి, చున్నీ చాటున ఏదో పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. ఏ పులిహోరో తెచ్చి ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే రెండువందల పేజీల నోటుబుక్కు! ముందువైపు నుంచి చూస్తే పాల లెక్కా, ఇస్త్రీ బట్టల పద్దూ. వెనకవైపు నుంచి తిరగేస్తే కవితలు.

"పిన్నిగారూ, మీరు కథలు రాస్తారట కదా. ఇవి బాగున్నాయో లేదో ఒక్కమాట చెప్పండి. బాగా లేకపోతే మానేస్తాను" అంది.

నేనప్పుడు పొయ్యిమీద పాలు పెట్టి వచ్చాను. అవి పొంగిపోతాయేమోనని ఒక చెవి అటే ఉంది. నాలుగు పేజీలు తిప్పి, "బాగున్నాయమ్మా, రాస్తూ ఉండు" అన్నాను. ఆ అమ్మాయి "థాంక్సండీ" అని నవ్వింది. కానీ ఆ నవ్వు మెట్టెక్కేటప్పటికే ఆరిపోయింది. నేను చదవలేదని ఆమెకు తెలిసిపోయింది. చదవని వాళ్ళు పొగిడితే ఆడవాళ్ళకి ఇట్టే తెలుస్తుంది, వంట రుచి చూడకుండా "బ్రహ్మాండం" అన్నవాణ్ణి పట్టేసినట్టే.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎంచేతంటే, ఇదే మాట ఒకప్పుడు నాకూ తగిలింది. నా పెళ్ళయిన కొత్తలో, 1970లలో, నేను రాసిన మొదటి కథని ఒక పత్రికకి పంపాను. తిరుగు టపాకి స్టాంపులంటించిన కవరు జతపరచమనేవారు కదా, అలాగే జతపరిచాను. నా చేత్తో నా అడ్రసు రాసుకున్న ఆ కవరే నాకు తిరిగొచ్చింది. సరే, అది అందరికీ జరిగేదే. తర్వాత మా బంధువుల ద్వారా ఒక పెద్ద రచయితగారింటికి వెళ్ళి ఆ కథ చూపించాను. పేరెందుకు లెండి, వారిప్పుడు లేరు. వారు కాగితాలు అటూ ఇటూ తిప్పి, "బాగానే ఉందమ్మాయ్. ముందు ఇల్లు చక్కదిద్దుకో, రాతలెక్కడికి పోతాయి" అన్నారు. పక్కనున్న వాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత పదకొండేళ్ళు నేను చాకలి పద్దు తప్ప ఇంకేమీ రాయలేదు. వారి మాటలో కోపం లేదు, ద్వేషం లేదు. ఆ మాట అనడానికి ముందు నా కథ చదవలేదు, అంతే. నేనూ అదే చేశాను మరి.

మర్నాడు పొద్దున్నే అలమరలోంచి ఒక పాత పుస్తకం తీశాను. పుస్తకమంటే ఎంతో కాదు, పది ఉత్తరాలు. జర్మన్ భాషలో రాసే ఒక కవి, కవి కావాలనుకున్న ఒక కుర్రాడికి రాసిన ఉత్తరాలు. ఆ కవి పేరు రైనర్ మరియా రిల్కే. ఆ కుర్రాడి పేరు ఫ్రాంజ్ క్సావర్ కాపుస్. వినడానికి పేర్లు కొరుకుడు పడవు గానీ, వీళ్ళ కథ మనింట్లో జరిగినట్టే ఉంటుంది. అందుకే ఇవాళ మీకు చెబుదామనుకున్నాను.

అది 1902 శరదృతువు చివరి రోజులు. ఆస్ట్రియా దేశంలో వీనర్ నాయ్‌స్టాట్ అనే ఊళ్ళో సైన్యాధికారులను తయారుచేసే పాఠశాల ఒకటి ఉంది. అక్కడ చదువుకుంటున్న కాపుస్‌కి ఇంకా ఇరవై నిండలేదు. పాఠశాల తోటలో పాత చెస్ట్‌నట్ చెట్ల కింద కూర్చుని కవితల పుస్తకం చదువుకుంటున్నాడు. అంతలో హొరాచెక్ అనే పంతులుగారు పక్కకు వచ్చి కూర్చున్నారు. ఆయన క్రైస్తవ మతబోధకుడు, ఆ సైనికోపాధ్యాయుల మధ్య యూనిఫారం లేని మనిషి ఆయనొక్కడే. పుస్తకం అందుకుని పైన కవి పేరు చూసి ఆశ్చర్యపోయారట. ఈ రిల్కే చిన్నప్పుడు సాంక్ట్ పోల్టెన్ అనే ఊరి సైనిక పాఠశాలలో ఆయన దగ్గరే చదువుకున్నాడు. పాలిపోయిన మొహం, సన్నటి ఒళ్ళు, ఎవరితోనూ కలవని పిల్లాడు. ఆ పిల్లాడు కవి అయ్యాడా, అనుకున్నారు పంతులుగారు.

కాపుస్‌కి ఆ మాట చాలింది. తనకూ ఆ సైనికోద్యోగం మీద మనసు లేదు. ఆ బాధ పడి బయటపడిన మనిషి ఒకరున్నారని తెలిసేసరికి ప్రాణం లేచొచ్చింది. తను రాసిన పద్యాలు జతపరిచి, మనసులో ఉన్నదంతా వెళ్ళబోసుకుంటూ ఒక ఉత్తరం రాశాడు. అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ అంతగా మనసు విప్పి ఎవరికీ రాయలేదని తర్వాత తనే చెప్పుకున్నాడు. వారాలు గడిచాయి. చివరికి నీలం రంగు లక్కముద్రతో, పారిస్ తపాలా ముద్రతో, చేతికి బరువుగా ఒక కవరు వచ్చింది. ఉత్తరం మీద తారీకు 1903 ఫిబ్రవరి 17.

ఇక్కడొక సంగతి గమనించాలి. మనం "పెద్ద కవి" అంటున్నాం గానీ, ఆనాటికి రిల్కే వయసు 27. కాపుస్ కంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద, అంతే. ప్రాగ్ నగరంలో 1875 డిసెంబరులో పుట్టాడు. తల్లికి అంతకుముందు పుట్టిన ఆడపిల్ల పోవడం వల్ల ఈ మగపిల్లాడికే చిన్నప్పుడు గౌన్లు తొడిగి పెంచింది. అలా పెంచిన పిల్లాణ్ణి పదేళ్ళు దాటగానే సైనిక పాఠశాలలో వేశారు. ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి! రోదా అనే మహాశిల్పి మీద పుస్తకం రాసే పని మీద పారిస్ వచ్చి, ఉత్తరం రాసేనాటికి ఆయన అక్కడే ఉన్నాడు. చేతిలో డబ్బు లేదు. ఆ తర్వాత ఏప్రిల్‌లో రాసిన ఉత్తరంలో, నా పుస్తకాలు పంపాలని ఉంది గానీ నేను చాలా పేదవాణ్ణి, అచ్చయ్యాక అవి నావి కావు, కొనుక్కోవడానికి నాకే స్తోమత లేదు అని దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. ఇంకోటేమిటంటే, ఇలా సలహా చెబుతున్న మనిషే ఆ రోజుల్లో రోదా దగ్గరికి వెళ్ళి, ఎలా బతకాలి అని అడుగుతున్నాడు. పని చేస్తూనే ఉండాలి అన్నది ఆ శిల్పి ఇచ్చిన జవాబు. అంటే సలహా అడిగేవాడూ చెప్పేవాడూ ఒకే మెట్ల మీద ఉన్నారు. ఒకరు రెండు మెట్లు పైన, ఇంకొకరు రెండు మెట్లు కింద.

మరి ఆ కుర్రాడడిగింది కూడా మా మేడమీద అమ్మాయి అడిగినదే. నా పద్యాలు బాగున్నాయా?

రిల్కే ఆ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పలేదు. అలాగని దాటవేయనూ లేదు. నీ పద్యాల్లో నీదంటూ ఒక ప్రత్యేకత ఇంకా కనబడలేదని మెత్తగానే, దాచకుండా చెప్పాడు. కడపటి పద్యంలో ఏదో నీ సొంతమైనది తొంగి చూస్తోందనీ చెప్పాడు. చూశారా, ఏ పద్యంలో ఏముందో చెప్పాడంటే చదివాడన్నమాట. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు. నువ్వు నన్నడుగుతున్నావు, నాకన్నా ముందు మరెవరినో అడిగే ఉంటావు, పత్రికలకు పంపుతావు, ఎవరి కవితతోనో పోల్చుకుంటావు, ఎడిటరు తిప్పి పంపితే బెంగపడతావు. ఇదంతా మానెయ్యి, బయటికి చూడటం మానేసి నీలోకి నువ్వు చూసుకో అన్నాడు. రాత్రి అందరూ పడుకున్న వేళ నిన్ను నువ్వే అడుగు, నేను రాయక తప్పదా, రాయకపోతే ఉండలేనా అని. అవును అనే జవాబు వస్తే నీ బతుకంతా దాని చుట్టూ కట్టుకో. కాదంటే ఊరుకోవచ్చు, అందులో తప్పేం లేదు. ఇదీ ఆ మొదటి ఉత్తరం సారాంశం.

ఈ మాటలు లోకంలో చాలా ప్రసిద్ధికెక్కాయి. రాయాలని వచ్చే కుర్రకారుకి పెద్దవాళ్ళు ఇదే వల్లిస్తూంటారు. నేనూ చాలాకాలం ఇది శిలాక్షరమని నమ్మాను. ఇప్పుడు మాత్రం ఒక్కచోట రిల్కేగారితో నాకు పేచీ ఉంది. మీ అందరి తరఫునా ఉంది.

రాయకపోతే బతకగలవా అని ఆడదాన్ని అడిగితే ఏమంటుంది? బతకగలను అనే అంటుంది! మనం దేన్ని వదులుకుని బతకలేదు గనక? సంగీతం నేర్చుకున్నవాళ్ళం వీణ మీద గుడ్డ కప్పేసి బతికాం. బి.ఏ. మధ్యలో ఆపించేస్తే బతికాం. పుట్టిన ఊరు వదిలి, ఇంటిపేరు మార్చుకుని బతికాం. "అది లేకపోతే నేను ఉండలేను" అని అనడం మనకు చిన్నప్పటి నుంచీ ఎవరూ నేర్పలేదు, అంటే "ఆపు, పెంకితనం" అన్నారు. అంచేత ఈ పరీక్ష పెడితే మనలో నూటికి తొంభైతొమ్మిది మంది తప్పుతారు. తప్పింది కవిత్వం లేక కాదు, సర్దుకుపోవడం అలవాటై. నేను పదకొండేళ్ళు రాయకుండా ఉన్నాను. శుభ్రంగా బతికాను, ఒళ్ళు కూడా చేశాను. కానీ ఆ పదకొండేళ్ళూ బట్టలారేస్తున్నప్పుడు, రేషను క్యూలో నిలబడ్డప్పుడు లోపల వాక్యాలు కూర్చుకుంటూనే ఉన్నాను. దాన్ని రాయడం అనాలా, రాయకపోవడం అనాలా?

ఇంకా, ఆ "రాత్రి అందరూ పడుకున్న వేళ" అన్న మాటొకటి. మగవాడికి ఆ వేళ ఏకాంతం. మనకు ఆ వేళ శనగలు నానబోయడం, పాలు తోడెయ్యడం, పిల్లాడి టై ఎక్కడుందో వెతకడం. ఏకాంతం గురించి రిల్కే ఈ ఉత్తరాల్లో ఎంత అందంగా రాశాడో చెప్పలేను. కానీ ఆ ఏకాంతానికి ఖర్చెవరు పెట్టుకున్నారో కూడా చూడాలి కదా. ఆయన భార్య క్లారా వెస్ట్‌హోఫ్ మంచి శిల్పి, రోదా దగ్గర ఆమె ముందే పాఠాలు నేర్చుకుంది. 1901లో పెళ్ళయింది, ఆ డిసెంబరులోనే కూతురు రూత్ పుట్టింది. ఏడాది తిరక్కుండా ఇద్దరూ ఎవరి కళ కోసం వాళ్ళు పారిస్ చేరారు, పసిపిల్ల అమ్మమ్మా తాతయ్యల దగ్గర పెరిగింది. నేను ఎవరినీ ఆక్షేపించడం లేదు. క్లారాకూ శిల్పం కావాలి, ఆవిడా మనిషే. కానీ కవి ఏకాంతం వెనక ఎక్కడో ఒక అమ్మమ్మ ఉగ్గుగిన్నె పట్టుకుని కూర్చుంటుందని మాత్రం మనం మరిచిపోకూడదు.

ఈ ఉత్తరాలు పుస్తకంగా వచ్చింది 1929లో, రిల్కే పోయిన మూడేళ్ళకి. విచిత్రమేమిటంటే సరిగ్గా అదే సంవత్సరం ఇంగ్లండులో వర్జీనియా వూల్ఫ్ అనే రచయిత్రి, ఆడది రాయాలంటే ఏడాదికి అయిదువందల పౌన్ల రాబడీ, తనకంటూ ఒక గదీ కావాలని వాదిస్తూ ఒక పుస్తకం వేసింది. ఒకే ఏడాది రెండు పుస్తకాలు. ఒకటి నీలోకి నువ్వు చూసుకో అంటుంది. రెండోది, చూసుకోవడానికి ముందు గది తలుపు వేసుకోనియ్యండి అంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి సుమండీ.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పేచీ ఉందని పుస్తకాన్ని అవతల పారెయ్యలేం. ఆ మొదటి ఉత్తరంలోనే ఇంకొక మాట ఉంది. దాన్ని ఎవరూ అంతగా వల్లించరు గానీ, మనకు పనికొచ్చేది అదే. మొదట్లోనే ప్రేమ కవిత్వం జోలికి పోకు అంటాడు. అందరూ తొక్కిన బాట గనక అందులో కొత్తగా చెప్పడానికి చాలా బలం కావాలట. దానికి బదులు నీ రోజువారీ బతుకులో నీకు దొరికేది రాయి. నీ చుట్టూ ఉన్న వస్తువులు, నీ కలలు, నీ జ్ఞాపకాలు. నీ రోజులు మరీ చప్పగా ఉన్నాయనిపిస్తే వాటిని నిందించకు, వాటిలోని సంపద పైకి తీసేంత కవివి నువ్వింకా కాలేదని నిన్ను నువ్వు నిందించుకో అంటాడు. జైల్లో ఉన్నా, ఏ చప్పుడూ లోపలికి రాకపోయినా బాల్యం అనే ఖజానా ఉంటుంది కదా అంటాడు.

ఇది చదివాక నాకు మేడమీద అమ్మాయి నోటుబుక్కు గుర్తొచ్చింది. నేను తిప్పిన నాలుగు పేజీల్లో ఏముంది? వెన్నెల, మౌనం, ఎడారి, గాయపడ్డ హృదయం. ఆ అమ్మాయి ఎడారి ఎప్పుడు చూసింది గనక! మొగుడు బంగారంలాంటివాడు, గాయం ఎక్కణ్ణుంచి వచ్చింది? పత్రికల్లో కవితలన్నింటిలోనూ ఉంటాయి గనక తనూ పెట్టింది. కొత్త కోడలు అత్తగారి చీర కట్టుకున్నట్టు. అంచు మంచిదే, కానీ అడుగు తీసి అడుగు వేయనివ్వదు.

తర్వాతి ఉత్తరాల సంగతి గబగబా చెబుతాను. ఇటలీలో సముద్రపుటొడ్డున వియారెజ్జో అనే ఊరి నుంచి రెండు ఉత్తరాలు రాశాడు. ఒంట్లో బాగాలేక అక్కడికి చేరాడు. ఎప్పుడూ వెంట ఉంచుకునే పుస్తకాలు రెండని చెప్పాడు. ఒకటి బైబిలు, రెండోది డెన్మార్క్ రచయిత యాకబ్సన్ పుస్తకాలు. విమర్శ వ్యాసాలు తక్కువ చదువు అన్నాడు. చెట్టు తన రసాన్ని తొందరపెట్టదనీ, వసంతం తర్వాత వేసవి వస్తుందో రాదో అని దిగులుపడదనీ, రాసేవాడికి ఆ ఓర్పు కావాలనీ చెప్పాడు. జర్మనీలోని వోర్ప్స్‌వేడె పల్లె నుంచి రాసిన నాలుగో ఉత్తరంలో, జవాబుల కోసం తొందరపడకుండా ప్రశ్నలతోనే కాపురం చెయ్యి, తాళం వేసిన గదుల్ని ప్రేమించినట్టు వాటిని ప్రేమించు, ఒకనాటికి నీకు తెలియకుండానే జవాబులోకి నడిచి వెళ్తావు అన్నాడు. ఈ సంగతి ఆడపిల్లలకి ఎవరూ చెప్పనక్కర్లేదు, తాళం వేసిన గదులతో మనకు చిన్నప్పటి నుంచీ పరిచయమే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఏడో ఉత్తరం. రోమ్ నగరం నుంచి 1904 మే 14న రాసినది. ఎక్కువమంది దీన్ని ప్రేమ గురించి చెప్పిన ఉత్తరంగా చదువుతారు. ఇద్దరు మనుషులు ఒకరి ఏకాంతానికి ఒకరు కాపలా కాయాలన్నాడని మెచ్చుకుంటారు. అందులోనే ఆడవాళ్ళ గురించీ ఒక మాట ఉంది. ఒకనాటికి స్త్రీ అంటే పురుషుడికి వ్యతిరేకపదం అన్న అర్థం పోయి, తనంతట తనే ఒక నిండు మనిషి అన్న అర్థం వస్తుందని, ఆ రోజు రాబోతోందని రాశాడు. 1904లో, సొంత సంసారమే సరిగ్గా నిలబెట్టుకోలేని మనిషి రాశాడు ఆ మాట! మనుషులు ఇలాగే ఉంటారు లెండి. చూపు ఎక్కడికో వెళుతుంది, కాళ్ళు ఇంటి దగ్గరే తడబడతాయి.

కానీ నాకు ఆ ఉత్తరం ఇష్టమైంది ఈ రెండు మాటల వల్లా కాదు. కాపుస్ అంతకుముందు ఒక సానెట్ రాసి పంపాడు. సానెట్ అంటే పద్నాలుగు పాదాల పద్యం. రిల్కే దాన్ని తన చేత్తో శ్రద్ధగా తిరగరాసి, ఈ ఉత్తరంతోపాటు తిరిగి పంపించాడు. మన రాతని వేరొకరి దస్తూరిలో చూసుకోవడం వేరే అనుభవం, దీన్ని ఎన్నడూ చూడని పద్యంలాగా చదువుకో, అప్పుడు ఇది ఎంత నీదో నీకే తెలుస్తుంది అన్నాడు.

ఇది చదివి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పది ఉత్తరాల్లో ఎన్ని గొప్ప మాటలున్నాయో! కానీ ఆ కుర్రాడు రాసిన పద్నాలుగు పాదాలనీ ఆ చెయ్యి ఒక్కొక్క అక్షరంగా రాసింది చూశారా, అంతకు మించిన సలహా ఏముంది? మాటలు ఎవరైనా చెబుతారు. ఒకరి పద్యం తిరగరాయాలంటే ప్రతి మాట దగ్గరా ఆగాలి. పొయ్యి మీద పాలు పెట్టుకుని చేసే పని కాదది.

మరి ఇంత సలహా పొందిన కాపుస్ మహాకవి అయ్యాడా అంటే, కాలేదు. సైన్యంలో ఆఫీసరయ్యాడు. 1908 డిసెంబరు 26న రిల్కే రాసిన పదో ఉత్తరం అందేనాటికి ఎక్కడో కొండల మధ్య కోటలో కాపలా ఉన్నాడు. తర్వాత పత్రికల్లో పని చేశాడు, జనం కాలక్షేపానికి చదువుకునే నవలలు రాశాడు. ఏ దారిలోకి నేను పోకూడదని ఆయన ఆప్యాయంగా కోరుకున్నాడో, బతుకు నన్ను ఆ దారిలోకే నెట్టింది అని ఆ పుస్తకం ముందుమాటలో ఒప్పుకున్నాడు. 1966లో పోయాడు. కానీ ఆ పదిటిని జాగ్రత్తగా దాచి, పుస్తకంగా తెచ్చి, లోకానికి అందించింది అతనే. అందులో తన ఉత్తరాలు మాత్రం ఒక్కటీ వేసుకోలేదు. పెద్దవాడు మాట్లాడుతున్నప్పుడు చిన్నవాళ్ళు ఊరుకోవాలన్నట్టు తప్పుకున్నాడు. ఎన్నో ఏళ్ళు మనం టెలిఫోనులో ఒక వైపు మాటలే విన్నట్టుగా ఈ పుస్తకం చదివాం. 2019లో గానీ జర్మనీలో కాపుస్ రాసిన ఉత్తరాలు కూడా కలిపి పుస్తకం వెయ్యలేదు. అతణ్ణి ఓడిపోయాడని నేననను. అలా మనసు విప్పి అడిగే మనిషి లేకపోతే రిల్కే ఎవరికి జవాబు రాసేవాడు?

సరే, మేడమీద అమ్మాయి దగ్గరికి వస్తాను. రెండు రోజులాగి నేనే మెట్లెక్కాను. నా మోకాళ్ళకి ఆ మెట్లు పడవు, అయినా ఎక్కాను. "అమ్మాయీ, ఆ పుస్తకం ఒక వారం నా దగ్గరుంచు. ఆ రోజు నేను చదవలేదు. చదవకుండానే బాగున్నాయన్నాను" అని చెప్పాను. చెప్పడానికి సిగ్గేసింది, కానీ చెప్పాక తేలికైంది. ఆ అమ్మాయి ఏమీ అనకుండా పాల లెక్క ఉన్న పేజీలు చించి దాచుకుని పుస్తకం నా చేతిలో పెట్టింది.

వారం రోజులు చదివాను. వెన్నెలా, ఎడారీ దాటుకుంటూ పోయాను. ముప్ఫై మూడు కవితలున్నాయి. ఇరవై ఎనిమిదోది చదివి ఆగిపోయాను. ఎనిమిది పాదాలే. పుట్టింటి నుంచి వచ్చిన ఆవకాయ జాడీ గురించి. ఊరగాయ అయిపోయింది, జాడీ కడిగింది, ఎండలో బోర్లించింది, మళ్ళీ కడిగింది. వాసన పోలేదు. వాసెన గుడ్డని మాత్రం ఉతకలేదు, అమ్మ కట్టిన ముడి మడత దానికింకా ఉందని. ఇంతే కథ. అది చదివేసరికి మా అమ్మ చేతి జాడీ నా కళ్ళ ముందుకొచ్చింది. దాని మూత ఓ పక్క పెచ్చు ఊడి ఉండేది.

ఒక తెల్లకాగితం తీసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఆ కవితని నా దస్తూరిలో తిరగరాశాను. అప్పుడు తెలిసింది, తిరగరాయడంలో మహిమేమిటో. ఆరు పాదాలు నా చెయ్యి దానంతటది సాగిపోయింది. ఏడో పాదం దగ్గర కలం మొరాయించింది. అక్కణ్ణుంచి చివరి రెండు పాదాలూ అమ్మ ప్రేమ అంత గొప్పదీ ఇంత గొప్పదీ అని. జాడీలో లేని వాసన అది. అయినా నేను ఒక్క అక్షరం మార్చలేదు, ఉన్నదున్నట్టు రాసి కింద తారీకు వేశాను.

గురువారం మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది. పాలు ముందే కాచేసి మూత పెట్టాను. పుస్తకం మీద ఆ కాగితం పెట్టి ఇచ్చాను. మొదట నాదే ఏదో కవిత అనుకుందట. చదవడం మొదలుపెట్టాక గుర్తుపట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. నేను బాగుందనలేదు, బాగాలేదనలేదు. "మీ అమ్మగారు ఆ గుడ్డ ఏ చీరలోంచి చించారు?" అని మాత్రం అడిగాను. "మా అమ్మమ్మ జరీ పోయిన గద్వాల చీర పిన్నిగారూ" అని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "ఇది రాయాల్సింది నేను" అంది తనలో తనే.

తర్వాత నా కలం అడిగి తీసుకుంది. చివరి రెండు పాదాలూ కొట్టేసింది. కొట్టేసిన చోట ఏం రాయాలో తోచక, కాగితం మడిచి చున్నీ చాటున పెట్టుకుంది. పైన పిల్లాడు లేచి ఏడుపు లంకించుకున్నాడు. "వచ్చే గురువారం వస్తా పిన్నిగారూ" అంటూ రెండేసి మెట్లు ఎక్కుతూ పరిగెత్తింది.